తొట్టి బండి, 46 కిలోలు

మొన్న ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డు మీద ఒక కుర్రాడు నా బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "అంకుల్, ఇది పడిపోదు కదా?" అని అడిగాడు. మూడు చక్రాల బండి పడిపోవడమేంటని చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. అది పడిపోతుంది. నేను పడ్డాను. అదీ కాలవలో.

ఆ సంగతి తర్వాత. ముందు బండి గురించి చెప్పాలి.

మాది నిడదవోలు. నాన్నగారికి ఆయిల్ ఇంజిన్ల రిపేరు షెడ్డు ఉండేది. చేలకింకా కరెంటు మోటార్లు పూర్తిగా రాని రోజులవి. 5 హార్స్‌పవర్ ఇంజిన్ ఆగిందంటే చేలో నీళ్ళు ఆగినట్టే. అర్ధరాత్రి కబురొచ్చినా లేచి వెళ్ళేవారు. రింగులూ, గాస్కెట్లూ, నాజిలూ అయితే సైకిల్ మోస్తుంది. లైనరూ, పిస్టనూ, ఫ్లైవీలు లాగే పుల్లరూ వెనక కట్టుకుని బురద డొంకల్లో తొక్కడం ఎంతకాలం? 1972లో ప్రభుత్వ వేలంలో ఒక బుల్లెట్ పాడుకున్నారు. 1965 మోడల్, మద్రాసు తిరువొత్తియూర్ ఫ్యాక్టరీలో తయారైంది. ఏడేళ్ళలోనే దాని పని అయిపోయిందని వేలం వేశారన్నమాట. నాన్నగారు దాన్ని ఇంకో ముప్పై ఏళ్ళు నడిపారు.

పక్కన సైడ్‌కారు, అంటే బండికి ఎడమపక్కన తగిలించే ఒంటి చక్రం బండి, రాజమండ్రిలో చేయించారు. వారంలో ఆరు రోజులూ దాంట్లో రేకు పెట్టె, పెట్టె నిండా సామాను. ఆదివారం నాలుగు బోల్టులు విప్పి పెట్టె దింపి, అదే చోట సీటు బిగించేవారు. సైడ్‌కారు అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. మొదటిరోజు బండి గుమ్మంలో ఆగగానే నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇదేంట్రా, గేదెల కుడితి తొట్టిని మోటారుకి కట్టుకొచ్చావ్?" అంది. దాంతో అది తొట్టి అయిపోయింది. ఊళ్ళో మేము తొట్టి బండోళ్ళం అయిపోయాం.

ఇప్పటి పిల్లలకి బటన్ నొక్కితే బండి స్టార్టవుతుంది. ఆ బుల్లెట్ స్టార్ట్ చేయడం ఒక పూజ. పెట్రోల్ కాక్ తిప్పాలి. కార్బురేటర్ నెత్తిన చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని పెట్రోలు వేలికి చల్లగా తగిలేదాకా నొక్కాలి. ఇంజిన్ లోపలి ఒత్తిడి వదిలించడానికి ఎడమచేతి దగ్గరున్న డీకంప్రెషన్ లివర్ పట్టుకుని కిక్కర్‌ను మెల్లగా కిందికి నెట్టాలి. కళ్ళు మాత్రం హెడ్‌లైటు మీదున్న ఆంప్ మీటర్ ముల్లు మీదే. ముల్లు మధ్యకి వచ్చిందంటే లోపల ప్లగ్గుకి నిప్పు అందించే పాయింట్లు విడివడ్డాయని లెక్క. అప్పుడు లివర్ వదిలేసి, కిక్కర్‌ను పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి ఒక్క తన్ను. వరస సరిగ్గా కుదిరితే పదేళ్ళ పిల్లాడు తన్నినా అందుకుంటుంది. కుదరకపోతే తిరిగి తంతుంది. మా షెడ్డులో పనిచేసిన కుర్రాడొకడు చెప్పులేసుకుని తొందరపడి తన్నాడు. నెల్లాళ్ళు మడమకి కట్టుతో కుంటాడు.

గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒకటో గేరు పైకి, మిగతా మూడూ కిందికి. ఇప్పటి బళ్ళకి ఇదంతా తిరగేసి ఉంటుంది. నా బండి అడిగి తీసుకునే ప్రతివాడూ మొదటి మలుపులో బ్రేకనుకుని గేరు తొక్కుతాడు.

తొట్టి తగిలించిన రోజు నాకు బాగా గుర్తు. నాకప్పుడు పదేళ్ళు. రాజమండ్రి నుంచి వచ్చిన మేస్త్రి రెండు వంకర లేని టేకు బద్దలు తెచ్చుకున్నాడు. ఒకటి బండి రెండు చక్రాలకీ ఆనేలా, రెండోది తొట్టి చక్రానికి ఆనేలా నేలమీద పరిచాడు. రెండు బద్దల మధ్య దూరం వెనకవైపు ఎంతుందో, ముందువైపు దానికన్నా ముప్పావు అంగుళం తక్కువ ఉండాలన్నాడు. అంటే తొట్టి చక్రం ముక్కు కాస్త బండివైపుకి తిరిగి ఉండాలి. తర్వాత తాపీ పనివాళ్ళు వాడే గుండు దారం బండికి వేలాడదీశాడు. బండి నిటారుగా నిలబడకూడదట, తొట్టికి దూరంగా, కుడికి రవ్వంత ఒరగాలట. "ఎందుకండీ?" అన్నాను. పిల్లాడివి నీకెందుకు అనలేదాయన. "మన రోడ్డు మధ్యలో ఎత్తు, అంచున పల్లం. మనం నడిచేది ఎడమపక్క, తొట్టి ఉండేదీ ఎడమపక్కే. బండి ఎప్పుడూ ఎడమకే గుంజుతుంది. ఆ గుంజుడికి ముందే విరుగుడు పెట్టుకోవాలి బాబూ" అన్నాడు. ఇంజినీరింగు కాలేజీలో నాకెవరూ ఇంత చక్కగా పాఠం చెప్పలేదు.

అంతా బిగించబోతూ ఆగి, "ఖాళీ తొట్టితో కొలత పెడితే మనిషెక్కగానే మారిపోద్దండి. ఎక్కువగా కూర్చునేదెవరు?" అని అడిగాడు.

"మా అమ్మ" అన్నారు నాన్నగారు.

"అయితే పిలవండి."

మా షెడ్డుని ఆనుకునే రైసుమిల్లు. అక్కడ బస్తాలు తూచే కాటా మీద నాయనమ్మని నిలబెట్టారు. "నన్ను తవుడు బస్తాలా తూకం వేస్తావుట్రా" అని ఆవిడ ఒకటే కేకలు. మిల్లు కూలీలంతా చుట్టూ చేరారు. 46 కిలోలు. ఆవిణ్ణి తీసుకొచ్చి తొట్టిలో కూర్చోబెట్టి, ఆవిడ చుట్ట కాల్చుకుంటూ ఉండగా మేస్త్రి బోల్టులు బిగించాడు. ఛాసిస్ పైపు మీద సుద్దముక్కతో 46 అని రాశాడు. సుద్ద చెరిగిపోతుందని నాన్నగారు షెడ్డులోంచి అంకెల పంచ్‌లు తెచ్చి, 4 ఒక దెబ్బ, 6 ఒక దెబ్బ కొట్టారు. సామాను పెట్టె బరువూ ఇంచుమించు అంతే ఉండేలా సర్దుకునేవారు.

తొట్టి బండి నడపడం మోటార్‌సైకిల్ నడపడం కాదు. ఇది నమ్మని వాళ్ళతో నేను వాదించడం మానేశాను, తాళంచెవి ఇచ్చేస్తాను. థ్రాటిల్ తిప్పగానే తొట్టి వెనకపడుతుంది, బండి ఎడమకి లాగుతుంది. బ్రేకు వేస్తే తొట్టి నేనాగనంటూ ముందుకు పోతుంది, బండి కుడికి తిరుగుతుంది. మామూలు బండిని మనం నడుముతో తిప్పుతాం, ఒరిగితే చాలు. ఇది ఒరగదు కదా, భుజాలతో తిప్పాలి. రిక్షా తొక్కినవాడికి పదినిమిషాల్లో వస్తుంది. మోటార్‌సైకిల్ బాగా వచ్చినవాడికే రాదు. అన్నిటికన్నా ప్రమాదం ఎడమ మలుపు. తొట్టి ఖాళీగా ఉండి, కాస్త వేగంగా ఎడమకి తిప్పితే ఆ చక్రం నేల వదిలి గాల్లోకి లేస్తుంది.

ఇక లాగుడు సంగతి. 350 సీసీ ఇంజినే అయినా ఇంత బరువంటే దానికీ కష్టమే. అందుకని ఇంజిన్ వైపు పళ్ళచక్రం ఒక పన్ను తక్కువది వేయించారు. వేగం తగ్గింది, చిన్న తిరుపతి కొండ మాత్రం రెండో గేరులో ఎక్కేసేది. మాకూ నలభై దాటి వెళ్ళే పనేం ఉండేది కాదు.

ఆదివారాలు అదే మా కుటుంబ విహారం. నాన్నగారు హ్యాండిల్ పట్టుకుంటే, వెనక అమ్మ, టాంకు మీద చెల్లి, తొట్టిలో నాయనమ్మ, ఆవిడ కాళ్ళ దగ్గర నేను. నాయనమ్మ తలకి తువ్వాలు చుట్టుకుని, నోట్లో చుట్ట పెట్టుకుని మహారాణిలా కూర్చునేది. గాలికి నిప్పురవ్వలు నా మీద పడేవి. ఒకసారి సీటు అంచున రెక్సిన్ కాలి రూపాయి బిళ్ళంత చిల్లు పడింది. నాన్నగారు కోప్పడితే, "పోలీసోళ్ళ బండికి లేని చిల్లా, నా తొట్టికే వచ్చిందా" అంది. పోలీసు శాఖ బండి అని ఆవిడతో ఎవరన్నారో ఏమో, అలా నమ్మింది, మేమూ కాదనలేదు.

గోదావరి దాటాలంటే మొదట్లో కొవ్వూరు రేవులో పంటు, అంటే బళ్ళనీ దాటించే పెద్ద పడవ, ఎక్కించాల్సి వచ్చేది. పలక మీదుగా బండిని ఎక్కించేటప్పుడు నాయనమ్మ దిగేది కాదు. దిగితే కొలత తప్పుతుందని మేస్త్రి అన్నాడని వాదన. 1974లో రోడ్డు, రైలు కలిసిన వంతెన తెరిచారు. కింద రైలు, పైన రోడ్డు, రోడ్డు పొడవు నాలుగు కిలోమీటర్ల పైమాటే. మొదటిసారి దాని మీద వెళ్తుంటే సరిగ్గా మా కింద రైలు వచ్చింది. వంతెనంతా వణికింది. తొట్టి రేకులూ వణికాయి. నాయనమ్మ చుట్ట తీసేసి దణ్ణం పెట్టుకుంది. మధ్యలోకొచ్చాక పక్కగాలి కొట్టింది. మామూలు బండయితే తూలేది, మాది గానుగెద్దులా కదలకుండా నడిచింది. ఆ ఒక్క విషయంలో తొట్టి బండికి సాటి లేదు.

1975 తర్వాత పరిస్థితి మారిపోయింది. ఆ ఏడాదొచ్చిన హిందీ సినిమా 'షోలే'లో ఇద్దరు స్నేహితులు తొట్టి బండి మీద పాడుకుంటూ పోతారు, మీకందరికీ తెలుసు. అది మా వైపు టాకీసులకి వచ్చినప్పటి నుంచీ మేము ఏ ఊళ్ళోంచి వెళ్ళినా పిల్లలు ఆ పాట అందుకుని వెంటపడేవారు. నాయనమ్మకి హిందీ రాదు, సినిమా చూడలేదు. తననే పొగుడుతున్నారనుకుని చెయ్యి ఊపేది. 1979 పుష్కరాలకి కొవ్వూరు గోష్పాద క్షేత్రం తీసుకెళ్ళినప్పుడు అంత జనంలోనూ అదే వరస.

మా మావయ్యది తణుకు. ఆయనకి జావా ఉండేది, మైసూరులో తయారైంది. మెరూన్ రంగు, టాంకు బుగ్గల మీద క్రోము, రెండు పక్కలా రెండు సైలెన్సర్లు. దాని గేరు రాడ్డే కిక్ రాడ్డు. వెనక్కి తిప్పి తన్నాలి, స్టార్టయ్యాక ముందుకి వాల్చితే అదే గేరు. క్లచ్ పట్టకుండా గేరు మార్చినా ఒప్పుకుంటుంది, కాలు రాడ్డు మీద పడగానే లోపల క్లచ్ దానంతటదే విడుతుంది. మావయ్య ఇది చూపించి పందేలు గెలిచేవాడు. బంకులో పెట్రోలుతోపాటు ఆయిలు కొలిచి కలిపి పోయించుకునేవాడు. ఆయన వచ్చి వెళ్ళాక పావుగంటసేపు మా వీధిలో ఆ తెల్లపొగ వాసన వేసేది. నాకు ఇప్పటికీ అది పండగ వాసనే. మావయ్యకీ నాన్నగారికీ ఎప్పుడూ వాదన. "బావా, నీది ఇంజినా, పిండిమరా?" అని ఆయన. "నీది కందిరీగ" అని ఈయన. 1973 తర్వాత ఆ బళ్ళు యెజ్డీ పేరుతో వచ్చాయి. మావయ్య మాత్రం చివరిదాకా జావా అనే పేరున్నప్పుడే కొన్నానని గర్వపడేవాడు.

నేను నేర్చుకున్నది ఆ జావా మీదే. అదే నా కొంప ముంచింది.

1980, ఆగస్టు. నాకు పద్దెనిమిది. విజ్జేశ్వరం వైపు కాలవ గట్టు మీద ఒక రైతు చేలో సామాను దింపి రమ్మన్నారు. వెళ్ళేటప్పుడు పెట్టె నిండుగా ఉంది, బుద్ధిగా వెళ్ళింది. పెట్టెతో సహా అక్కడ దింపేసి ఖాళీగా బయల్దేరాను. గట్టు మీద రోడ్డు ఎడమకి తిరుగుతుంది, కుడిపక్క కాలవ. జావా మీద తిరిగినట్టే తిరిగాను. ఎడమపక్క ఏదో తేలికైనట్టు అనిపించి చూస్తే తొట్టి చక్రం నా మోకాలి ఎత్తున తిరుగుతోంది. ఆ చక్రం చప్పుడు లేకుండా తిరగడం ఇప్పటికీ కళ్ళముందుంది. భయంతో రెండు తప్పులు ఒకేసారి చేశాను. హ్యాండిల్ సరిచేశాను, బ్రేకు తొక్కాను. చక్రం ధభీమని నేలకి దిగింది. బండి కుడికి తిరిగింది. తిన్నగా కాలవలోకి.

గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని ఉండబట్టి బతికాను. బండి హెడ్‌లైటు దాకా మునిగి, తొట్టి మాత్రం పడవలా పైకి తేలుతూ ఉంది. చేలోంచి నలుగురు పరిగెత్తుకొచ్చి మోకులేసి ఎడ్లతో లాగించారు. నాన్నగారు తిట్టలేదు, కొట్టలేదు. రాత్రంతా కూర్చుని ఆయిలు మార్చి, పాయింట్లు పెట్రోలుతో తుడిచి, తెల్లారుజామున స్టార్ట్ చేశారు. అప్పుడొక్కటే ప్రశ్న వేశారు.

"తొట్టిలో ఏముంది?"

"ఏం లేదండి."

"అదే."

నాయనమ్మ మాత్రం నెలరోజులు వదల్లేదు. "నన్ను తీసుకెళ్ళి ఉంటే పడేవాడివా?" అని వచ్చినవాళ్ళందరి ముందూ అడిగేది. అదీ నిజమే.

మరుసటి ఏడాది, 1981 చలికాలంలో నాయనమ్మ పోయింది. నిద్దట్లోనే, ఏ బాధా పడకుండా. పెద్దకర్మ అయిన తర్వాత వచ్చిన ఆదివారం నాన్నగారు అలవాటుగా పెట్టె దింపి సీటు బిగించారు. ఎక్కడికీ వెళ్ళే పని లేదు. నన్ను వెనక ఎక్కమన్నారు. వీధి చివర ఎడమ మలుపులో తొట్టి చక్రం బెత్తెడు లేచింది. ఆయన చెయ్యి తిరిగిన మనిషి, మెల్లగా దించేశారు. బండి ఆపి చాలాసేపు హ్యాండిల్ పట్టుకుని అలాగే ఉండిపోయారు. తర్వాత మిల్లుకి పోనిచ్చారు. ఒక గోనెసంచి అడిగి తీసుకుని, పక్కన ఇల్లు కడుతున్నవాళ్ళ దగ్గర ఇసుక నింపి, కాటా మీద పెట్టారు. కొంచెం ఎక్కువైంది. గుప్పెడు గుప్పెడే తీశారు. ముల్లు 46 దగ్గర నిలిచేదాకా తీసి, మూతి కుట్టి, తెచ్చి సీటులో నిలబెట్టారు. మిల్లులో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత ఉద్యోగాల వేట. 1986లో ఇంటర్వ్యూకి ఢిల్లీ వెళ్ళినప్పుడు మూడు చక్రాలది ఇంకో జాతి చూశాను. ఎర్రకోట దగ్గర నుంచి కన్నాట్ ప్లేస్‌కి ఫట్‌ఫటీలని తిరిగేవి. రెండో ప్రపంచ యుద్ధానికి తెచ్చిన అమెరికా మోటార్‌సైకిళ్ళు, హార్లీలూ ఇండియన్లూ, యుద్ధం అయ్యాక మిగిలిపోతే, వాటి ముందు సగం ఉంచి వెనక రెండు చక్రాల బండి కట్టేశారు. నేనెక్కినదాంట్లో అసలు ఇంజినెప్పుడో పోయి, డీజిల్ ఇంజిన్ కూర్చుంది. చప్పుడు వింటే మా షెడ్డులో ఉన్నట్టే ఉంది. ఎక్కబోతూ ఎడమపక్క ఎవరైనా కూర్చున్నారా అని చూసుకున్నాను, అలవాటు చొప్పున. కానీ దానికి అటూ ఇటూ సమానమే, ఏ పక్కకీ గుంజదు. సర్దార్జీ డ్రైవరు ఒంటిచేత్తో నడుపుతూ ఇంకో చేత్తో జనాన్ని పిలుస్తున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకది చప్పగా అనిపించింది. 1990ల చివర్లో పొగ ఎక్కువైందని వాటిని ఆపేశారని విన్నప్పుడు మాత్రం బాధేసింది.

నాన్నగారు 2004లో పోయారు. బండి పదేళ్ళు షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. దాన్ని లారీ మీద హైదరాబాద్ తెచ్చి బాగు చేయించడానికి ఏడాదిన్నర పట్టింది. అందులో ఎక్కువకాలం సామాను కోసం తిరగడమే. పాత బళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళని ఆ తిరుగుళ్ళలోనే కలిశాను. ఒకాయన రాజ్‌దూత్ కార్బురేటర్ కోసం వచ్చేవాడు. పాల క్యాన్లు మోసిన బండిని ముత్యంలా తుడుచుకునేవాడు. ఇంకొకాయనది యమహా ఆర్డీ 350. దాని వేగానికీ బ్రేకులకీ పొత్తు లేదు, అప్పట్లో కుర్రాళ్ళు ఆర్డీ అంటే ర్యాపిడ్ డెత్ అనేవాళ్ళు. ఆయనిప్పుడు అరవై దాటి, మోకాలి నొప్పులతో, మనవడి చేత కిక్ కొట్టించుకుని నడుపుతాడు. జూలైలో రెండో ఆదివారం జావాల రోజు. ఆ రోజు రోడ్డంతా తెల్లపొగ. నాకు మావయ్య గుర్తొస్తాడు.

బాగు చేసేటప్పుడు ఛాసిస్ పెయింటు గీకిస్తుంటే కుర్రాడు కేకేశాడు. "సార్, ఇక్కడేదో నంబరుంది, ఆర్సీలో లేదు. 46. పుట్టీ పెట్టి కప్పేయనా?"

వద్దన్నాను. సీటుకి కొత్త రెక్సిన్ వేయించాను గానీ అంచున ఆ కాలిన ముక్క మాత్రం కత్తిరించకుండా, దాని చుట్టూ కుట్టమన్నాను. కుట్టినవాడు నన్ను పిచ్చివాణ్ణనుకున్నాడు. చక్రం కొలత మార్చాలా, ఇప్పుడు కూర్చునేదెవరు సార్ అని మెకానిక్ అడిగాడు. మార్చొద్దన్నాను. టేకు బద్దలకి బదులు అతను అల్యూమినియం పట్టీలు తెచ్చుకున్నాడు. లెక్క మాత్రం అదే ముప్పావు అంగుళం.

నెక్లెస్ రోడ్డు మీద ఆ కుర్రాడు ఇదంతా విన్నాడో లేదో గానీ, చివర్లో "ఒక్క రౌండ్ వేయనా అంకుల్?" అన్నాడు. మంచి బండి ఉంది వాడికి, నడపడం బాగా వచ్చని చూస్తేనే తెలుస్తోంది. అందుకే భయమేసింది. సీటు కింద నుంచి ఇసుక సంచి లాగి తొట్టిలో నిలబెట్టాను. గోనె పాతబడి రెండుసార్లు మార్చాను గానీ ఇసుక అదే. బెల్టు వేసి బిగించాను. ఎడమ మలుపులో మెల్లగా అని చెప్పి, అప్పుడు తాళంచెవి ఇచ్చాను.

మొదటి మలుపులో వాడు బ్రేకనుకుని గేరు తొక్కాడు.